తేనె తినేదాని పేరు

ఏప్రిల్, శనివారం. చెక్ దేశంలోని బ్రనో.

ఈ ఊరికి వచ్చిన నాటి నుంచీ శనివారం ఉదయం జెల్నీ టర్హ్‌కు వెళ్లి వారానికి సరిపడా కూరలు తెచ్చుకోవడం నాకు అలవాటు. ఆ పేరుకు క్యాబేజీ సంత అని అర్థం గాని, రాళ్లు పరిచిన ఆ వాలు మైదానంలో పూలు, గుడ్లు, తేనె కూడా దొరుకుతాయి. ఈ రోజు ఒక పెద్దావిడ బల్ల మీద వెడల్పాటి లేత ఆకుల కట్టలు కనిపించాయి. పక్కనున్న అట్టముక్క మీద ‘మెద్‌వ్యెదీ చెస్నెక్’ అని రాసి ఉంది, అంటే ఎలుగుబంటి వెల్లుల్లి. వసంతం రాగానే ఇక్కడి అడవుల్లో నేలంతా పరుచుకునే ఈ మొక్కకు వెల్లుల్లి వాసన ఉంటుంది, వంటకు వాడేది మాత్రం ఎక్కువగా ఆకునే. అదే బల్ల రెండో చివర తేనె సీసాలు వరుసగా ఉన్నాయి, వాటి మీద ‘మెద్’ అన్న ఒక్క మాటే రాసి ఉంది. రెండు చీటీలనూ ఒకే చూపులో చదివినప్పుడు, ఎలుగుబంటిని ఇన్నేళ్లుగా నేను పిలుస్తున్న ‘మెద్‌వ్యెద్’ అనే చెక్ మాటలో తేనె ఉన్న సంగతి మొదటిసారి నా మనసుకు తట్టింది.

ఇంటికి వచ్చి కూరలు సర్దకుండానే వ్యుత్పత్తి నిఘంటువు తెరిచాను. చెక్, రష్యన్ వంటి భాషలకు తల్లి అయిన పాత స్లావిక్ భాషలో ‘మెదు’ అంటే తేనె, ‘ఎద్’ అంటే తినడం; రెండూ కలిసి తేనె తినేది అయింది. చెక్‌లో మెద్‌వ్యెద్, రష్యన్‌లో మెద్వేద్, స్లొవీన్‌లో మెద్వెద్ అంటారు. పోలిష్‌లో మొదటి మకారం నకారమై న్యెజ్‌వ్యెచ్ అయింది. చెక్‌లో కూడా ఆ నకారపు రూపం నెద్‌వ్యెద్ అనే ఇంటిపేరుగా నిలిచి ఉంది. పై అంతస్తులో ఉండే ఉక్రెయిన్ ఆవిడను మెట్ల దగ్గర అడిగితే ‘వెద్‌మీద్’ అన్నారు. అక్కడ అక్షరాలు చోటు మార్చుకుని తేనె వెనక్కి వెళ్లింది. రష్యన్‌లో చాలామంది ఈ మాటను ‘తేనె ఎక్కడుందో తెలిసినది’ అని విడగొట్టుకుంటారు. అది తప్పే అయినా, మాట మధ్యలోని వకారం వల్ల పుట్టిన తప్పు కనుక నాకు ముద్దుగానే తోచింది. నిజానికి ఆ వకారం మెదులోని ఉకారమే; సంస్కృతంలో మధు, అద్ (తినడం) కలిసినప్పుడు మధ్వద్ అయినట్లే అక్కడా అయింది.

ఈ మధ్వద్ నేను కల్పించినది కాదు. ఋగ్వేదం మొదటి మండలం 164వ సూక్తంలో చెట్టు మీద వాలిన పక్షులను ‘మధ్వదః సుపర్ణాః’ అన్నారు. అంటే మధువును తినే పక్షులు. అక్కడ పక్షులకు విశేషణమైన కూర్పే ఇక్కడ ఎలుగుబంటికి పేరైంది. దానిలోని రెండు సగాలూ తెలుగువాళ్ల ఇళ్లలో ఉన్నాయి. మధువు మనకు తెలిసినదే. రెండోదైన ‘అద్’ అనే ధాతువు నుంచే ‘అన్నం’ పుట్టింది, తినబడినది అని దాని అర్థం. రోజూ అన్నం అంటూనే ఉన్నాను గాని, రష్యన్‌లో తిండిని ‘యెదా’ అనే మాటకు అది దగ్గరి చుట్టమని ఎన్నడూ తలచలేదు.

అయితే ఎలుగుబంటికి ఈ చుట్టుతిరుగుడు పేరు ఎందుకు అవసరమైంది? ఈ భాషలన్నిటికీ మూలమైన భాషలో దాని అసలు పేరు మరొకటి ఉండేది. సంస్కృతంలో ఋక్షం, గ్రీకులో ఆర్క్‌తోస్, లాటిన్‌లో ఉర్సుస్ దాని సంతానమే. స్లావులు, వారి పొరుగున ఉన్న జర్మానిక్ జాతులు మాత్రం దానిని పోగొట్టుకున్నారు. పేరు పలికితే మృగం వస్తుందన్న భయమే దీనికి కారణమని ఫ్రెంచ్ భాషావేత్త ఆంట్వాన్ మెయ్యే 1906లో వివరించాడు. జర్మన్‌లోని ‘బేర్’ను కూడా గోధుమరంగుదన్న అర్థంలో పెట్టిన మారుపేరుగానే చాలామంది చెబుతారు. కొన్ని శతాబ్దాలకు మారుపేరే అసలు పేరుగా గట్టిపడేసరికి రష్యన్లు దాని మీదా మరో ముసుగు వేశారు. మీష్కా అన్నారు, వంకరకాళ్లవాడు అన్నారు, అడవి యజమాని అన్నారు. 1980 మాస్కో ఒలింపిక్స్ చిహ్నమైన మీషా ఆ ముద్దుపేర్లలో ఒకటే. పేరు మీద పేరు కప్పుకుంటూ వచ్చిన ఈ భయాన్ని తలచినప్పుడు, అడవి అంచున రాత్రి నిప్పు చుట్టూ కూర్చున్న మనుషులు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం నాకు వినిపించినట్లయింది.

సాయంత్రం అమ్మతో ఫోన్‌లో ఈ సంగతి చెప్పాను. ఆమె ఏమాత్రం ఆశ్చర్యపోలేదు.

“మీ నాయనమ్మ చీకటి పడ్డాక పాము అననిచ్చేదా? పురుగు అనమనేది కదరా,” అంది.

నిజమే. పాము కరిచిందని చెప్పడానికి బదులు మా ఊళ్లో పురుగు ముట్టిందనే చెప్పుకునేవారు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనడం, దీపం ఆరితే కొండెక్కిందనడం కూడా గుర్తుకు వచ్చాయి గాని, అవి అశుభం పలకకూడదన్న మర్యాదలు. పిలిస్తే వస్తుందన్న భయం మాత్రం పురుగులోనే ఉంది. మెద్‌వ్యెద్‌కు సరిజోడు అదొక్కటే అని నాకు అనిపిస్తోంది.

తెచ్చిన ఆకును సన్నగా తరిగి కందిపప్పులో వేశాను. పోపులో వెల్లుల్లి వేయవలసిన అవసరం రాలేదు. ఆ మొక్క శాస్త్రీయ నామం ఆలియుమ్ ఉర్సీనుమ్. సంత బల్ల మీద చెక్ మాట దాచిపెట్టిన పాత పేరు ఆ లాటిన్ మాటలో బాహాటంగానే ఉంది.

తిన్న తరువాత కాసేపు బాల్కనీలో నిలబడ్డాను. ఏప్రిల్‌లో ఈ వేళకు సప్తర్షి మండలం దాదాపు నడినెత్తికి వస్తుంది. ఆ ఏడు చుక్కలను చెక్ వాళ్లు పెద్ద బండి అంటారు, అవి ఉన్న నక్షత్రరాశిని వెల్కా మెద్‌వ్యెదిత్సె, అంటే పెద్ద ఆడ ఎలుగు, అంటారు. సప్తర్షులను పూర్వం ఋక్షాలనేవారని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. పైన నిలిపిన ఆ ఋక్షాలు రాత్రి కనిపిస్తాయి, పగలు ఎక్కడికి పోతాయి అని ఋగ్వేదంలో ఒక ఋషి అడిగాడు. మబ్బు కమ్మేదాకా వాటిని చూస్తూ ఆ పాత పేరును రెండుసార్లు పైకే పలికాను.