గుణింతాలు ఊడిపోయిన చీటీలు: నా అనుభవం

దామలచెరువులో మా మేనమామ మామిడి మండీకి చిన్న వెబ్ అప్లికేషన్ నేనే రాసిచ్చాను. రైతు పేరు, ఊరు, కాటా బరువు, రేటు కొడితే చీటీ వస్తుంది. రాసింది పీహెచ్‌పీ భాషలో, లెక్కలు దాచేది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో. దాని గొడవ నిన్న రాత్రికి తీరింది. వేడి తగ్గకముందే రాస్తున్నాను.

రిమార్క్స్ పెట్టెలో ఒక కాలేజీ కుర్రాడు స్క్రిప్ట్ ట్యాగ్, అంటే బ్రౌజర్ నడిపించేసే కోడ్, కొట్టాడు. గుమాస్తా స్క్రీన్ మీద అలర్ట్ వచ్చి కూర్చుంది. డేటాబేస్‌కు పంపే క్వెరీలన్నీ ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లుగా, అంటే పెట్టెలో కొట్టింది ఆదేశంలో కలవకుండా విడిగా వెళ్లేలా, మార్చడం ఒక సాయంత్రం పని. పేజీలో చూపించే ప్రతి మాటనూ, కోడ్‌ను ఉత్త అక్షరాలుగా మార్చే హెచ్‌టీఎంఎల్ స్పెషల్‌చార్స్ ఫంక్షన్ గుండా పంపడం ఇంకో గంట. అంతటితో ఆగాల్సింది.

తిరుపతిలో నేను పీహెచ్‌పీ నేర్చుకున్న సెంటర్లో ఒకటే పాఠం: లోపలికి వచ్చే ప్రతిదాన్నీ కడిగి దాచు. ఫీజు ముక్కుపిండి వసూలు చేశారు కానీ, తెలుగు పేరు ఒక్కటి కొట్టి చూపించలేదు. ఆ పాఠం పట్టుకుని పేరు పెట్టెకు రెజెక్స్, అంటే ఏ అక్షరాలు ఉండొచ్చో చెప్పే నమూనా, పెట్టాను. యూనికోడ్ (అన్ని భాషల రాతకూ నంబర్లిచ్చే ప్రమాణం) అక్షరమని చెప్పినవీ ఖాళీలూ తప్ప మిగతావి తీసెయ్యమన్నాను. ఇంగ్లీషు పేర్లతో టెస్ట్ చేశాను, పాసైంది.

మరుసటి పొద్దున ఒక పెద్దాయన తోతాపురి లోడుతో వచ్చాడు. చీటీ చేతికిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని వేలితో ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు.

"చ... గ... ల... ర... య... ల. ఇది ఎవురి పేరు నాయనా?"

ఆయన పేరు చెంగల్రాయులు. వెనక ట్రాక్టర్ల వాళ్లంతా వింటున్నారు. మామ ఏమీ అనకుండా చీటీ తీసుకుని, గీత కొట్టేసి, పెన్నుతో పేరు రాసిచ్చాడు. ఆ క్షణం తలెత్తలేకపోయాను.

యూనికోడ్ లెక్కలో చ అక్షరమే. దాని మీది ఎత్వం, పక్కన సున్నా, ఒత్తుకు ముందుండే పొల్లు మాత్రం 'మార్కులు', వేరే వర్గం. నా రెజెక్స్ వాటన్నిటినీ ఊడ్చేసింది. అంతకన్నా ఘోరం, రాజమ్మ, రోజమ్మ ఇద్దరూ 'రజమమ' అయ్యారు. ఒకామెకు రావాల్సిన డబ్బు ఇంకొకామె ఖాతాలో పడింది. కడిగిన పేరే దాచాను కాబట్టి అసలు పేరు డేటాబేస్‌లో ఎక్కడా లేదు. మామ చేతిరాత పుస్తకం ముందేసుకుని రెండు రాత్రులు మళ్లీ కొట్టాను.

పేరు మనిషిది. దాన్ని కత్తిరించే హక్కు ప్రోగ్రామర్‌కు లేదు. పీహెచ్‌పీ వాళ్లు కూడా 2021లో 8.1 వెర్షన్‌తో, వచ్చిన మాటలోంచి ట్యాగులు తీసేసే ఫిల్టర్ శానిటైజ్ స్ట్రింగ్‌ను వాడొద్దన్నారు.

ఇప్పుడు పేరు కొట్టింది కొట్టినట్టే దాస్తున్నాను, చూపించేటప్పుడే స్పెషల్‌చార్స్‌తో ఎస్కేప్ చేస్తున్నాను. బరువు దగ్గర మాత్రం అంకె కాకపోతే తిప్పి పంపేస్తుంది. పేరు పొడవును గుర్తులు లెక్కపెట్టే ఎంబీ స్ట్రలెన్ ఫంక్షన్‌తోనే కొలవండి. మామూలు స్ట్రలెన్ బైట్లు లెక్కపెడుతుంది, యూనికోడ్‌ను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు. టెస్టుకు మీ అమ్మమ్మ పేరు తెలుగులో కొట్టండి.

పుస్తకంలో రెండు పేజీలు వానకు తడిసి అలికిపోయాయి. వాటిలోని పేర్లు ఇంకా గుణింతాల్లేకుండానే ఉన్నాయి. ఆ రైతులు మళ్లీ లోడుతో వచ్చినప్పుడు అడిగి రాయాలి.