కుడి మూల గడి

మన బడి సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. గొడుగు సంగతీ హెడ్మాస్టారి సైకిలు సంగతీ ఎలాగూ మీలో ఎవరో ఒకరు రాస్తారు. నాకు లెక్కల మాస్టారి నల్లబల్ల చాలు, అందులోనూ కుడి మూల గడి. దానికి మనం పెట్టిన పేరు ఇక్కడ రాయను. సంచిక టీచర్లూ చదువుతారట.

తొమ్మిదో తరగతి, దసరా సెలవుల ముందు. వర్గ సమీకరణం మధ్యలో నా చెయ్యి ఆగిపోయింది. చొక్కా చేతితో గబగబా తుడిచేయబోతే మాస్టారు మణికట్టు పట్టుకున్నారు. "తప్పు చేసినవాడు బల్ల ముట్టకూడదురా. ఆ చేతిని ఇక నమ్మలేం." నన్ను పక్కన నిలబెట్టి మన పొట్టి లీడరుని పిలిచారు. వాడు నా అంకె ఒక్కటీ చెరపకుండా, ఉదయమే గీసి ఖాళీగా ఉంచిన ఆ గడిలోనే తన లెక్క వేసుకుంటూ, నాదంతా నోటు పుస్తకంలోకి ఎక్కించాడు. మూడో వరుసలో మైనస్ గుర్తు జారిపోయిందని తేలేసరికి పీరియడ్ అయిపోయింది.

తర్వాత ఇంటర్, ఇంజనీరింగ్, పెళ్లి వగైరా.

ఇప్పుడు బెంగళూరులో లైనక్స్ కెర్నెల్ పని, అంటే యంత్రాన్ని నడిపించే లైనక్స్ వ్యవస్థకి గుండెకాయలాంటి ప్రోగ్రాం మీద. కెర్నెల్ కూలిన యంత్రాన్ని ఆపి మళ్లీ ఆన్ చేస్తే, ఎందుకు కూలిందో చెప్పే మెమరీ కూడా చెరిగిపోతుంది. 2005లో 2.6.13 వెర్షన్‌తో, ఆ మెమరీని కాపాడే కెడంప్ అనే ఏర్పాటు వచ్చినప్పుడు దాని వివరణ చదువుతూ ఆఫీసులో ఒక్కడినే నవ్వాను. బూట్ అయ్యేటప్పుడే కొంత మెమరీ విడిగా ఉంచాలి. మొదటి కెర్నెల్ దాన్ని ముట్టకూడదు. అది కూలితే ఆ కాస్త చోటులోనే రెండో కెర్నెల్ లేచి, పాతదాని మెమరీని ఉన్నదున్నట్టు ఫైలుకెక్కిస్తుంది. కూలినదాని చేతిని నమ్మరు. పక్క సీటాయన ఎందుకు నవ్వుతున్నావని అడిగితే ఏమని చెప్పను?

ఒకసారి ఒక ఖాతాదారు సర్వర్ వారం వారం అర్ధరాత్రి కూలేది. ఆ మెమరీ నకలు, అంటే డంప్, మాత్రం వచ్చేది కాదు. మేం విడిగా ఉంచిన 128 ఎంబీ రెండో కెర్నెల్‌కి చాలక అదీ చతికిలపడేది. 256 చేశాక ఆ వారమే వీఎంకోర్ అనే ఆ డంప్ ఫైలు చేతికొచ్చింది. మెమరీలోని ఖాళీ పేజీలు, క్యాష్ పేజీలు తీసేసి మేక్‌డంప్‌ఫైల్ అనే పనిముట్టు దాన్ని బాగా కుదించింది. అదే కెర్నెల్ డీబగ్ సమాచారంతో, డంప్‌ని చదివే క్రాష్ అనే ప్రోగ్రాం తెరిచి, ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో వరుసగా చూపే బీటీ ఆదేశం కొట్టాను. కూలిన చోటు నుంచి మూడో వరుసలో ఉన్న ఫంక్షన్ నాదే. వదిలేసిన మెమరీనే మళ్లీ వాడాను. పొట్టి లీడరు గుర్తొచ్చాడు.

ఇప్పుడు నా కింద పదకొండు మంది. చేరిన రోజే ఒక్కొక్కరికీ ఒక పరీక్ష యంత్రం ఇచ్చి, కెర్నెల్‌కి నేరుగా ఆదేశమిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ అనే ఫైల్లో 'సి' అక్షరం రాసి కావాలనే కూల్చమంటాను. డంప్ పడుతుందో లేదో అసలు కూలుడుకి ముందే తెలియాలి. వాళ్లు భయపడతారు. మా అమ్మాయి కూడా ఇదే పనిలోకి వచ్చింది, వేరే సంస్థలో.

సంచిక అచ్చుకి వెళ్లేలోగా ఆ తరగతి గది ఫోటో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి. మనం కనబడకపోయినా ఫరవాలేదు, బల్ల కుడి మూల కనబడాలి.