గాజుకి అంటుకున్న ఫొటో

ఆదివారం. తెల్లారేసరికే ఉక్క మొదలైపోయింది. ఎనిమిదింటికల్లా స్కూటర్ తీసుకుని విశాఖలోనే ఉన్న కంచరపాలెం వెళ్ళాను. పాతపేపర్ల కొట్టాయన నిన్న రాత్రి ఫోన్ చేసి, "మాస్టారూ, ఒక మామ్మగారింట్లో గోడకి ఇంజన్ ఫొటో ఉంది, ఓసారి చూసుకోండి" అన్నాడు. తూకానికొచ్చిన సామాన్లలో రైలు కనిపిస్తే నాకు చెప్పమని అతనికి రెండేళ్ళుగా చెబుతున్నాను. కిందటేడు ఒక డ్రైవరుగారి ట్రంకుపెట్టె మొత్తం పాత పుస్తకాలతో పాటు తూకానికి వెళ్ళిపోయింది. నేను చేరేసరికి రెండే ఫొటోలు మిగిలాయి. ఆ దిగులు నాకింకా పోలేదు.

నేను పోగుచేసేవి 1947 నుంచి 1967 దాకా, మన వైపు లైన్లవి. యుద్ధంలో అరిగిపోయిన ఇంజన్లతోనే బండి నెట్టుకొస్తూ, ఒక్కొక్కటిగా కొత్తవి తెచ్చుకున్న కాలం అది. అమెరికాలో బాల్డ్విన్ కంపెనీ చేసిన డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజన్లు 1947లో దిగాయి. 1950లో బెంగాల్లోని చిత్తరంజన్‌లో మన తయారీ మొదలైంది. అప్పటి ఫొటోలు నాకు ఎక్కువగా ఇళ్ళలోనే దొరికాయి. అప్పట్లో స్టేషన్లో కెమెరా బయటికి తియ్యాలంటే పర్మిషన్ కావాల్సి వచ్చేది కదా. అందుకే చాలావరకు రిటైర్మెంట్ రోజున మెళ్ళో దండతో ఇంజన్ పక్కన నిలబడ్డవే. ఇంజన్ సగమే పడుతుంది, మనిషి నిండుగా ఉంటాడు. నాకు అవంటేనే ప్రాణం.

మామ్మగారిది మాత్రం రిటైర్మెంట్ ఫొటో కాదు. అరచెయ్యంత ఉంది, అంచులు రంపప్పళ్ళలా కత్తిరించి ఉన్నాయి. ఇంజన్ ముఖం పడనేలేదు. బొగ్గూ నీళ్ళూ మోసే టెండరు, దాని ముందు ఇద్దరు కుర్రాళ్ళు, వాళ్ళ కాళ్ళ దగ్గర నేల మీద ఫొటో తీస్తున్నాయన నీడ. తల వంచి డబ్బా కెమెరాలోకి చూస్తున్నట్టు నీడలోనే తెలిసిపోతోంది.

"మా ఆయన, బాబూ. ఎడమ పక్కాయన. పెళ్ళయిన ఏడు తీయించుకున్నారేమో. 60లో పెళ్ళి మాది" అంది మామ్మగారు.

ఫ్రేము దింపి చూస్తే గుండె జారింది. ఏళ్ళ తరబడి సముద్రపు చెమ్మ పట్టి, కుడి మూల రూపాయి బిళ్ళంత మేర ఫొటో గాజుకి అంటుకుపోయింది. ఫొటో పైపొర జెలటిన్. తడికి మెత్తబడి గాజుని పట్టుకుంటే ఇక అంతే, లాగితే బొమ్మ గాజు మీదే ఉండిపోతుంది. వాళ్ళబ్బాయి బ్లేడు తెస్తానన్నాడు. వద్దండీ, ముట్టుకోవద్దు అన్నాను. వెనక అట్ట మాత్రం మేకులు ఊడదీసి తీశాను. ఊదారంగు స్టూడియో ముద్ర ఒకటి, చెదిరిపోయి ఉంది. తారీఖు లేదు.

ఫ్రేముని గుమ్మం దగ్గర వెలుతురులో పెట్టి గాజు మీంచే ఫొటో తీశాను. మెరుపు పడకుండా నా వెనక నల్ల దుప్పటి ఒకటి అడ్డం పట్టించాను. ఆరు సార్లు తీస్తే ఒకటి కుదిరింది. దాన్ని ఫోన్లో పెద్దది చేసి చూస్తుంటే టెండరు మీద ఇంగ్లీషు అక్షరాలు రెండు తేలాయి. ఈ, ఆర్. ఈస్టర్న్ రైల్వే.

నాకు చెయ్యి వణికింది. మన వాల్తేరు, అంటే ఇప్పటి విశాఖ స్టేషన్, అంతకుముందు బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉండేది. 1952 ఏప్రిల్‌లో అది ఈస్టర్న్ రైల్వేలో కలిసింది. 1955 ఆగస్టు 1న సౌత్ ఈస్టర్న్ విడిగా వచ్చేసింది. అంటే వాల్తేరుకి ఆ పేరు ఉన్నది మూడేళ్ళ చిల్లర మాత్రమే. జోను మారిన రోజునే ఇంజన్లన్నిటికీ కొత్త అక్షరాలు వేసెయ్యరు, ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అవుతుంది. అయినా 60 దాకా రాదు.

"తాతగారు ఉద్యోగంలో ఎప్పుడు చేరారు మామ్మగారూ?"

వాళ్ళబ్బాయి పెన్షన్ కాగితాలు వెతికి చెప్పాడు, 1954 అని.

"అయితే ఇది చేరిన కొత్తలోదండీ. మీ పెళ్ళికి నాలుగైదేళ్ళ ముందుది" అన్నాను. మామ్మగారు ఫ్రేముని ఒళ్ళోకి తీసుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "ఈ వయసులో ఆయన్ని నేను చూడలేదు బాబూ" అంది చివరికి. "నేనొచ్చేసరికి ఫైర్‌మన్. ఇంటికొస్తే ముందు పెరట్లోకే. బకెట్టు నీళ్ళూ నల్లగా అయిపోయేవి."

అప్పట్లో ఇంజన్ పనిలోకి చాలామంది క్లీనరుగానే చేరేవారు. తర్వాత పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్, ఆ తర్వాత యార్డులో పెట్టెలు అటూ ఇటూ మార్చే షంటరు, ఆఖర్న డ్రైవరు. డ్రైవరు కుర్చీ దాకా రావడానికి సగం జీవితం పట్టేది.

ముంజలు పెట్టారు, తిన్నాను. ఫొటో మాత్రం అడగలేదు. అడగాలనిపించలేదు. గోడ చెమ్మ తగలకుండా ఫ్రేము వెనక నాలుగు మూలలా బెండుముక్కలు అంటించి, వంటింటి గోడ మీంచి తీసి ముందుగదిలో వీధి పక్క కాని గోడకి తగిలించి వచ్చాను. ఆయన ముఖం ఒక్కటీ పెద్దది చేయించి తెమ్మంది మామ్మగారు. "పక్కవాడిది కూడా ఉంచు బాబూ, స్నేహితుడై ఉంటాడు" అని గుమ్మం దాకా వచ్చి చెప్పింది.

రాత్రి కంప్యూటర్లో పెట్టుకుని కూర్చున్నాను. గీతలు తుడవలేదు, వెలుతురు మాత్రం సరిచేశాను. తాతగారి కుడి చెయ్యి దగ్గరకొచ్చేసరికి ఆగాను. పొద్దున్న అది చేతిరుమాలు అనుకున్నాను. కాదు. దారాలు వేలాడుతున్నాయి. ఇంజన్ తుడిచే కాటన్ వేస్టు. ఫొటో కోసం పక్కన పడెయ్యకుండా గుప్పిట్లోనే పట్టుకుని నిలబడ్డాడు, క్లీనరు కుర్రాడు.

పదిన్నర దాటింది. మామ్మగారు పడుకుని ఉంటారు. రేపు పొద్దున్నే ఫోన్ చెయ్యాలి.