డెల్స్‌కని బయల్దేరి బారబూలో ఆగాం

చికాగో నుంచి ఐ-90 హైవే పట్టుకుని విస్కాన్సిన్ వెళ్లే మనవాళ్లంతా వాటర్ పార్కులుండే డెల్స్‌కే వెళ్తారు. మేమూ అందుకే బయల్దేరాం. వాటర్ పార్కు టికెట్ల రేట్లు ఫోన్‌లో చూశాక మావారు కాసేపు మాట్లాడలేదు. ఆ సందు చూసి, దగ్గర్లోనే బారబూ ఉంది, రింగ్లింగ్ వాళ్ల సర్కస్ పుట్టిన ఊరు, ఈ పూటకి అక్కడికి పోదామన్నాను. పిల్లలు మూతులు ముడిచారు.

చిన్న ఊరే. గుర్రాలకు జీనులూ పట్టీలూ కుట్టే ఒకాయన కొడుకులు ఐదుగురు 1884లో ఇక్కడ సర్కస్ మొదలుపెట్టి, 1907కల్లా బార్నమ్ అండ్ బెయిలీ అనే పెద్ద సర్కస్ కంపెనీనే కొనేశారు. 1918 దాకా చలికాలమంతా వాళ్ల ఏనుగులూ గుర్రాలూ బారబూ నది ఒడ్డునే ఉండేవి. వాటిని కట్టేసిన శాలల్లో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. వాటి చుట్టూనే సర్కస్ మ్యూజియం.

లోపల పోస్టర్లూ బొమ్మలూ ఉంటాయనుకున్నాను. ఉన్నవి బండ్లు! పెద్ద షెడ్డు నిండా బండ్లే. ఒక చక్రం దగ్గర కూలబడ్డాను. చక్రం ఆకుల (స్పోకుల) మధ్య ఖాళీల్లో మొనదేలేలా కోసిన చెక్కలు బిగించి ఎరుపూ పసుపూ రంగులేశారు. తిరిగితే సూర్యబింబంలా కనిపించాలట. బండి పక్క మీద చెక్కిన సింహానికి బంగారు పూత. జూలులో ఒక్కో పాయా విడివిడిగా తెలుస్తోంది. దాని కిందే మోటు ఇనుప కట్టు, బురదలో దిగబడ్డా విరగకుండా.

"బండికి ఇంత సోకు దేనికండీ?" అని అక్కడున్న పెద్దాయన్ని అడిగాను. జీతం లేకుండా వచ్చి పనిచేసే మనిషి. సర్కస్ వచ్చిన రోజు ఈ బండ్లతో ఊళ్లో ఊరేగేవారట. ఊరేగింపు డబ్బుల్లేకుండా చూడొచ్చు, అది చూసి జనం మధ్యాహ్నం ఆటకి టికెట్ కొనాలి కదా అని నవ్వాడు. మా గుంటూరులో సర్కస్ వస్తే రిక్షాకి మైకు కట్టి రంగురంగుల కరపత్రాలు విసిరేవాళ్లు, వాటి కోసం చెప్పుల్లేకుండా పరిగెత్తేవాళ్లం. ఇక్కడ బ్యాండు మేళం కూర్చునే ఒక్క బండికే నలభై గుర్రాలు కట్టిన కంపెనీలున్నాయట.

పెద్దాయన అసలు ఉత్సాహమంతా రైలు గురించి. మొదట్లో సర్కస్ రాత్రంతా మట్టి దారుల్లో గుర్రపు బండ్ల మీద పోయి తెల్లారేసరికి పక్క ఊరు చేరేది. 1872లో సర్కస్ యజమాని బార్నమ్ భాగస్వామి కూప్ మొత్తాన్నీ రైలెక్కించాడు. పైకప్పు లేని రైలు వ్యాగన్ల మధ్య ఇనుప రేకులు వేసి, రైలు చివర్నుంచి ఒక్కో బండినీ గుర్రాలతో, తాళ్లతో ముందు కొస దాకా లాగేవారు. ఏ బండి ముందు దిగాలో లెక్క చూసుకునే ఎక్కించేవారు. అది చెప్తూ ఆయన నా కాఫీ కప్పునీ మావారి కప్పునీ బల్ల మీద ఆ వరసలో నెట్టి చూపించాడు. ఆ కాఫీకి పెట్టిన డబ్బుతో ఇంట్లో వారమంతా తాగొచ్చు, అది వేరే విషయం.

మరి చలికాలంలో జోకర్లేం చేసేవాళ్లని అడిగాను. చాలామంది థియేటర్లలో పాంటోమైమ్‌లకి, అంటే సైగలతో నవ్వించే నాటకాలకి, పోయేవారట. క్రిస్మస్ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని జనం వచ్చేవారు. తన్నులాటలు, పడిపోవడాలు, ఉన్నట్టుండి మాయమయ్యే తలుపులు. వాటిలో పెద్ద పేరు జార్జ్ ఫాక్స్ అనే జోకర్‌ది. 1868లో న్యూయార్క్ ఒలింపిక్ థియేటర్‌లో మొదలైన అతని 'హంప్టీ డంప్టీ' వెయ్యికి పైగా ఆటలు ఆడింది. సున్నం కొట్టినట్టు తెల్లటి మొహం, ఎక్కువగా సైగలే. చివరికి మతి చలించి స్టేజీ దిగాల్సొచ్చింది, 1877లో పోయాడు. మొహానికి పూసుకునే తెల్ల రంగులోని సీసమే కారణమని కొందరంటారు. అంతమందిని నవ్వించినవాడి పేరు నేనెన్నడూ వినకపోవడం నాకే చిత్రంగా అనిపించింది.

మధ్యాహ్నం గుడారంలో ఆట చూశాం. ఫీట్లు బాగానే ఉన్నాయి. కానీ మా చిన్నాడు పడీపడీ నవ్వింది మాత్రం, కుర్చీలో కూర్చోబోయి ప్రతిసారీ కిందపడే జోకర్ని చూసే. వెళ్లాలనుకుంటే వేసవిలోనే వెళ్లండి, మిగతా కాలంలో ఆటలుండవు. ఊరి మధ్యలో 1915 నాటి ఆల్ రింగ్లింగ్ థియేటర్ కూడా ఉంది. మేం వెళ్లలేదు, పిల్లలకి ఆకలేసింది.