43,20,000లోని నాలుగు సున్నలు

సున్నను ఎవరు కనిపెట్టారన్న ప్రశ్నకు ఆర్యభటుడని రాసి మార్కు తెచ్చుకున్న తరం మాది. ఆయన సంఖ్యలు రాసిన తీరు చూశాక ఆ జవాబు సరిపోదని నాకు అర్థమైంది.

ఒక మహాయుగంలోని సౌర సంవత్సరాలు 43,20,000. క్రీ.శ. 499 ప్రాంతపు ఆర్యభటీయం ఈ సంఖ్యను ‘ఖ్యుఘృ’ అని రెండే అక్షరాలలో ఇముడుస్తుంది. అందులో ఖ అంటే 2, య అంటే 30, ఘ అంటే 4. వాటికి చేరిన ఉకారం పదివేలను, ఋకారం పదిలక్షలను సూచిస్తాయి. స్థానం అచ్చులోనే ఉన్నందువల్ల ఖాళీ స్థానానికి వేరే గుర్తు అవసరం లేకపోయింది. అయితే ఒక్కొక్క స్థానం ముందరి దానికి పదింతలని, ‘స్థానాత్ స్థానం దశగుణం స్యాత్’ అని, స్పష్టంగా చెప్పినదీ ఆయనే.

అదే సంఖ్యను బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో, బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో, ‘ఖచతుష్టయ రద వేదాః’ అన్నాడు. ఖం అంటే ఆకాశం, అంటే శూన్యం, అవి నాలుగు. రదాలు దంతాలు, 32. వేదాలు 4. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి కనుక 43,20,000 వస్తుంది. పద్యంలో సైతం ఖాళీ స్థానాలను లెక్కపెట్టి మరీ చెప్పవలసి వచ్చిందంటే, స్థానవిలువ మనసులో ఎంతగా స్థిరపడిందో ఊహించవచ్చు.

కానీ ఖాళీని గుర్తించడం ఒకటి, దానిని సంఖ్యగా ఒప్పుకోవడం మరొకటి. బాబిలోనియాలోనూ ఖాళీ స్థానానికి గుర్తు ఉండేది. బ్రహ్మగుప్తుడు మాత్రం శూన్యాన్ని కూడికలోకి, తీసివేతలోకి, గుణకారంలోకి దింపి, సమానమైన ధనమూ ఋణమూ కలిస్తే శూన్యమనీ, శూన్యంలోనుంచి ఋణాన్ని తీసివేస్తే ధనమనీ సూత్రాలు కట్టాడు. సొత్తునూ అప్పునూ సూచించే ఆ ధన, ఋణ పదాలతోనే మన పిల్లలు నేటికీ లెక్కలు నేర్చుకుంటున్నారు. నా దృష్టిలో సున్న నిజంగా పుట్టినది ఆ సూత్రాలలోనే.

శూన్యాన్ని శూన్యంతో భాగిస్తే శూన్యమన్న ఆయన మాట నిలవలేదు. అయినా ఆ ప్రశ్న వేసినందుకే ఆయనంటే నాకు అపారమైన గౌరవం. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు శూన్యంతో భాగించగా వచ్చే రాశిని ‘ఖహరం’ అని పిలిచి, ఎంత కలిపినా ఎంత తీసినా మారని అనంతంగా భావించాడు. నేటి గణితం ఆ భాగహారాన్ని నిర్వచించకుండా వదిలివేస్తుంది.

తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదు గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ ఈ లెక్కల పద్ధతిని అరబ్బీలో వివరించాడు. 1202లో ఫిబొనాచ్చి అనే గణితవేత్త గ్రంథం దానిని ఇటలీ వర్తకులకు పరిచయం చేసింది. శూన్యానికి అరబ్బులు పెట్టిన ‘సిఫ్ర్’ అనే పేరే మారుతూ మారుతూ ‘జీరో’ అయింది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గ్వాలియర్ కోటలోని చిన్న చతుర్భుజ ఆలయం. క్రీ.శ. 876 నాటి అక్కడి శాసనం దేవుడి పూలతోట పొడవు 270 హస్తాలు, వెడల్పు 187 హస్తాలు అనీ, రోజూ 50 పూలదండలు సమర్పించాలనీ చెబుతుంది. 270లోనూ 50లోనూ సున్న చిన్న వలయంగా చెక్కి ఉంది. దాని అర్థమేమిటో ఆ రాతిమీద వివరించవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు.