ఆరున్నర ఎకరాల మధ్యాహ్నం

మంగళవారం.

ఈ రోజు విశేషంగా చెప్పుకోదగినదేమీ జరగలేదు. మధ్యాహ్నం న్యూయార్క్ నగరంలోని మాన్‌హటన్‌లో నేను కలవవలసిన వారు రెండు గంటలు ఆలస్యంగా వస్తామని కబురు పంపేసరికి, నేను ఫిఫ్త్ అవెన్యూలో 64వ వీధి మలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఎక్కడైనా కూర్చుని ఫోను చూసుకుంటూ పొద్దుపుచ్చడానికి మనసొప్పక, పక్కనే ఉన్న సెంట్రల్ పార్క్ జూకు టికెట్టు తీసుకుని లోపలికి వెళ్లాను. ఇదే నగరంలో బ్రాంక్స్ జూ 265 ఎకరాల్లో విస్తరించి ఉంది. అక్కడికి వెళ్లాలంటే ఒక రోజంతా కేటాయించుకోవాలి, పిల్లలు వెంట ఉంటే ముందురోజు నుంచే సన్నాహం కావాలి. ఇది కేవలం ఆరున్నర ఎకరాలు. పనుల మధ్య దొరికిన ఖాళీలో ఎవరి ఇంటికో తొంగిచూసినట్టు వెళ్లి రాగలగడమే నాకు దీనిలో మొదటి నుంచీ నచ్చిన సంగతి.

లోపలికి అడుగుపెట్టగానే మధ్యలో సముద్ర సింహాల కొలను ఉంటుంది. 1934లో జూను కొత్తగా కట్టినప్పుడు కూడా ఆ కొలనే నడిబొడ్డు, చుట్టూ ఎర్ర ఇటుకల భవనాలు. కొలను వెనుక, వీధి వైపుగా, కోట బురుజుల వంటి శిఖరాలతో ఆర్సెనల్ భవనం కనిపిస్తుంది. అది పార్కు కంటే ముందు పుట్టింది. ఆయుధాలు దాచుకోవడానికి 1851 నాటికి కట్టి ముగించారు. జూ చరిత్ర నిజానికి ఆ భవనం నేలమాళిగలోనూ దాని పెరట్లోనూ మొదలైంది.

మొదలైంది అనడం కంటే వచ్చి పడింది అనడం సబబుగా ఉంటుంది. 1858లో ఓల్మ్‌స్టెడ్, వాక్స్ కలిసి గీసిన పార్కు నమూనాలో జూ అనే మాటే లేదు. అయినా పార్కు పని సాగుతుండగానే జనం తమకు బరువైన జంతువులను తెచ్చి అప్పగించడం మొదలుపెట్టారు. ఒకరు ఎలుగుబంటి పిల్లను ఇచ్చి వెళ్లారు, కొందరు హంసలను ఇచ్చారు, అమెరికా అంతర్యుద్ధంలో పేరు మోసిన జనరల్ షెర్మన్ ఆఫ్రికా అడవి దున్నలను ఇచ్చాడు. వద్దనలేక తీసుకున్న జీవాలతోనే ఒక సంత తయారైంది, 1864లో దానికి అధికారికంగా అనుమతి లభించింది. ఇలా ఎవరూ తలపెట్టకుండా పుట్టిన సంస్థలంటే నాకు ఎందుకో అభిమానం.

ఆ రోజుల్లో బోనులు ఎంత నాసిగా ఉండేవో చెప్పడానికి ఒక వింత సంఘటన చాలు. 1874 నవంబరు 9న న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక, జూలోని క్రూరమృగాలు తప్పించుకుని వీధుల్లో పడ్డాయనీ, 49 మంది చనిపోయారనీ, గాయపడినవారు వందల్లో ఉన్నారనీ పేజీ పొడవునా రాసింది. వ్యాసం చివరి పేరాలో మాత్రం ఇదంతా కల్పితమేనని ఒప్పుకుంది. అంత దూరం చదివే ఓపిక ఎవరికి ఉంటుంది? తలుపులు బిగించుకున్నవారు కొందరైతే, తుపాకులు పట్టుకుని బయలుదేరినవారు కొందరు. అలాంటి ప్రమాదం జరిగే వీలుందని హెచ్చరించడమే తమ ఉద్దేశమని పత్రిక వారు తరువాత సమర్థించుకున్నారు. ఆ సమర్థన నాకు పెద్దగా రుచించదు గాని, భయానికి ఆధారం లేకపోలేదు: ఆ తరువాత ఆరు దశాబ్దాలకు కూడా అక్కడివి పుచ్చిపోయిన చెక్క కట్టడాలే, నిప్పంటుకుంటే సింహాలు బయటపడతాయన్న అనుమానంతో కాపలాదారుల చేతికి తుపాకులు ఇచ్చారు.

ఆ కట్టడాలను పడగొట్టించి, కొన్ని నెలల్లోనే కొత్త జూ నిలబెట్టించినవాడు నగర పార్కుల కమిషనరు రాబర్ట్ మోజెస్. 1934 డిసెంబరు 2న దాన్ని తెరిచారు. నాలుగు సార్లు రాష్ట్ర గవర్నరుగా పనిచేసి, 1928 అధ్యక్ష ఎన్నికలో ఓడిపోయిన ఆల్ స్మిత్ అప్పటికి వీధికి అవతలే కాపురముండేవాడు. మోజెస్ ఆయనకు ‘రాత్రి పర్యవేక్షకుడు’ అనే గౌరవ పదవినీ, తాళంచెవినీ ఇచ్చాడు. పదవులన్నీ పోయిన పెద్దమనిషి భోజనమయ్యాక అతిథులను వెంటబెట్టుకుని చీకట్లో వెళ్లి పులులతో కబుర్లు చెప్పేవాడట. ఈ జూ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం ఇది. 265 ఎకరాల జూలో ఇది సాధ్యపడేది కాదు.

అయితే జూ చిన్నదిగా ఉండడం మనుషులకు ముచ్చటగా ఉన్నంత మాత్రాన జంతువులకు సుఖంగా ఉంటుందని లేదు. ఏనుగులు, సింహాలు, గొరిల్లాలు ఆ ఇటుక గదుల్లో, కమ్మీల వెనుక దశాబ్దాల పాటు గడిపాయి. 1980లో నగరం నిర్వహణను న్యూయార్క్ జంతుశాస్త్ర సంఘానికి అప్పగించడానికి ఒప్పుకున్నాక, జూను మూసివేసి, పెద్ద జంతువులను ఇతర చోట్లకు పంపించి, 1988 ఆగస్టులో తిరిగి తెరిచారు. ఉష్ణమండలం, సమశీతోష్ణం, ధ్రువం అని మూడు భాగాలు చేసి, ఇంత స్థలంలో ఇమిడే ప్రాణులనే ఎక్కువగా ఉంచారు. నా దృష్టిలో ఈ జూ చేసిన మంచి పనుల్లో పెద్దది అదే. ఏవి ఉంచుకోకూడదో తెలుసుకోవడం.

పూర్తిగా తెలుసుకున్నారనీ అనలేము. 1988లోనే గస్ అనే మగ ధ్రువ ఎలుగు ఇక్కడికి వచ్చింది. 1994 నాటికి అది తన కొలనులో ఎనిమిది అంకె ఆకారంలో గంటల తరబడి ఆగకుండా ఈదుతూండడం పత్రికలకెక్కింది. జంతువుల ప్రవర్తన తెలిసిన నిపుణుణ్ణి పిలిపించారు. చేపలను మంచుగడ్డలో పెట్టి ఇవ్వడం, ఆహారాన్ని దాచి వెతికించడం, ఆటవస్తువులు వేయడం వంటి ఉపాయాలు చేశారు. ఈత తగ్గింది గాని ఎన్నడూ పూర్తిగా మానలేదు. నగరవాసులు మాత్రం అందులో తమనే చూసుకుని నవ్వుకున్నారు. 2013లో, 27 ఏళ్ల వయసులో, గస్ కన్నుమూసింది. దాని తరువాత ఇక్కడికి మరో ధ్రువ ఎలుగును తీసుకురాలేదు.

ఈ వేళ నేను ఎక్కువసేపు నిలబడింది మంచు చిరుతల దగ్గర. 2009లో వాటికోసం రాళ్లతో ఒక కొండవాలు కట్టారు. మొదటి పది నిమిషాలు రాళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. నా పక్కన నిలబడ్డవారు మూడు జట్లు వచ్చి, ‘ఖాళీగా ఉంది’ అనుకుని వెళ్లిపోయారు. తరువాత ఒక రాయి అంచు నుంచి తోక చివర కదిలింది. ఆ తోక దాదాపు మీటరు పొడవు ఉంటుంది. కొండచరియల మీద దూకేటప్పుడు తూకం నిలుపుకోవడానికీ, చలికి మూతి మీద కప్పుకుని పడుకోవడానికీ దానికి అదే సాధనం. నాకు దక్కింది తోకా, ఒక చెవీ మాత్రమే. పెద్ద జూలో అయితే ఇంకా చూడవలసినవి మిగిలాయనే తొందరలో నేనూ ముందుకు నడిచి ఉండేదాన్నే.

అక్కడి నుంచి తిరిగి వస్తుంటే ఈ జూలోనే ఉండిన ఫ్లాకో అనే గుడ్లగూబ గుర్తుకు వచ్చింది. 2023 ఫిబ్రవరి 2న ఎవరో దాని బోనుకున్న ఉక్కు వలను కోసివేయగా అది బయటికి ఎగిరిపోయింది. పసితనం నుంచి బోనులోనే పెరిగిన పక్షి వేటాడలేక ఆకలితో చస్తుందని అందరం బెంగపడ్డాము. అది కొద్ది రోజుల్లోనే ఎలుకలను పట్టడం నేర్చుకుంది, పట్టబోయినవారికి చిక్కలేదు. ఏడాది పైగా స్వేచ్ఛగా బతికి, 2024 ఫిబ్రవరి 23న ఒక భవనాన్ని ఢీకొని మరణించింది. శవపరీక్షలో ఎలుకల మందూ, పావురాల నుంచి సోకే వైరసూ బయటపడ్డాయి. అదే 2023 సెప్టెంబరు చివర కుండపోత వానకు సముద్ర సింహాల కొలను పొంగినప్పుడు, శాలీ అనే ఆడది గట్టు దాటి ఈదుకుంటూ బయటికి వచ్చి, చుట్టుపక్కలంతా చూసి, తనంతట తానే తోటివాటి దగ్గరకు తిరిగి వెళ్లింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఏదో ఒకటి తేల్చాలని నేను చాలాసార్లు ప్రయత్నించాను, కుదరలేదు.

బయటికి వచ్చేసరికి అరగంట కొట్టే వేళయింది. పిల్లల జూకు వెళ్లే దారిలో, కమాను మీద డెలాకోర్ట్ గడియారం ఉంటుంది. 1965 నుంచి గంటకూ అరగంటకూ పాట మోగుతుంటే కంచు జంతువులు దాని చుట్టూ తిరుగుతాయి: ఎలుగు చేతిలో కంజీర, నీటిగుర్రం దగ్గర వయొలిన్, ఏనుగుకు అకార్డియన్, మేకకు పిల్లనగ్రోవి, కంగారూకు కొమ్ముబూర, పెంగ్విన్‌కు డప్పు. నా పక్కన తండ్రి భుజాలెక్కి కూర్చున్న నాలుగైదేళ్ల పాప, పాట ఆగగానే, ఆ ఏనుగు లోపల ఎక్కడుందని అడిగింది. ఆయన చేతిలోని జూ దారుల పటాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి, వెనుక వైపు కూడా చూసి, ‘అది ఈ గడియారంలోనే ఉంటుందమ్మా’ అన్న అర్థం వచ్చే మాటేదో అన్నాడు. పాప అది ఒప్పుకోలేదు. వాళ్లు మళ్లీ గేటు వైపు నడిచారు, నేను నా పనికి బయలుదేరాను.