మస్టర్ పుస్తకం వదిలి యాప్‌కు మారిన వైనం: నా అనుభవం

మా నిర్మాణ కంపెనీలో జీతాల లెక్కలు చూసేది నేనే. మేస్త్రీలు మస్టర్ పుస్తకంలో హాజరు రాసి వారం చివర ఆఫీసుకు పంపేవాళ్లు. ఎవరి పేరు ఎదురుగా చూసినా ఎనిమిది గంటలే. వాన పడి పని ఆగిన రోజు కూడా ఎనిమిదే. ఓటీ (ఎనిమిది గంటలు దాటి చేసిన అదనపు పని) అయితే రెండో, నాలుగో. ఇందులో ఎవరి మోసమూ లేదు. సోమవారం ఎవరు ఎన్నింటికి వచ్చారో వారం చివర కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే ఎవరు రాసినా అలాగే వస్తుంది. దాని ఫలితం మాత్రం జీతం రోజు గొడవల్లో కనిపించేది. సెంట్రింగ్‌కు (కాంక్రీట్ పోయడానికి అచ్చు కట్టే పనికి) నిజంగా ఎన్ని గంటలు పట్టాయో, రాడ్ బెండింగ్‌కు (ఇనుప కడ్డీలు వంచే పనికి) ఎన్ని పట్టాయో తెలియక తర్వాతి టెండర్‌కు అంచనా వేసేటప్పుడు మళ్లీ చీకట్లో బాణం వేయడమే.

హాజరు, పని గంటలు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ తీసుకుందామని అనుకోగానే యాజమాన్యం మొదట అడిగింది వేలిముద్ర మెషిన్ గురించి. ఒకరి హాజరు ఇంకొకరు వేయకుండా అది ఆపుతుందని వాళ్ల ఆలోచన. కానీ తడి సిమెంటు గాఢమైన క్షారం, దాని పీహెచ్ 12 దాటుతుంది. రోజూ అందులో పనిచేసే తాపీ మేస్త్రీల వేళ్ల మీద గీతలు అరిగిపోయి ఉంటాయి. ట్రయల్ పెట్టిన మెషిన్ ఆఫీసు సిబ్బందిని ఇట్టే గుర్తుపట్టింది, తాపీ వాళ్లను మాత్రం పదేపదే తిప్పికొట్టింది. పొద్దున్నే గేటు దగ్గర క్యూ పెరుగుతుంటే వాళ్లు చేతులు ప్యాంటుకు తుడుచుకుని మళ్లీ మళ్లీ వేలు పెట్టడం చూడలేకపోయాను. పైగా పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకోవచ్చు, వేలిముద్రను మార్చుకోలేం. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ చట్టం, మనిషిని గుర్తుపట్టడానికి వాడే ఇలాంటి సమాచారాన్ని ప్రత్యేక రక్షణ ఉన్న కోవలో పెట్టింది. చివరికి గేటు దగ్గర దుమ్ము, నీళ్లు తట్టుకునే ఐపీ65 రకం ట్యాబ్లెట్ పెట్టి, ఒక్కొక్కరికీ ఒక పిన్ నంబర్ ఇచ్చాం. పిన్ కొట్టినప్పుడు ట్యాబ్లెట్ ఒక ఫొటో తీసి పెట్టుకుంటుంది, అంతే.

డెమోలు ఆఫీసులో చూడకూడదని గట్టిగా అనుకున్నాను. వచ్చినవాళ్లందర్నీ బేస్‌మెంట్‌లోకి తీసుకెళ్లి, ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టి పంచ్ కొట్టమన్నాను, అంటే యాప్‌లో హాజరు వేయమన్నాను. ఒక యాప్ తెర మీద చక్రం తిరుగుతూనే ఉండిపోయింది. ఇంకోటి పంచ్ తీసుకుంది కానీ, పైకి వచ్చి నెట్ తగిలాక సర్వర్‌కు చేరిన టైమే రాసుకుంది. అంటే ఉదయం ఏడింటికి బేస్‌మెంట్‌లో దిగినవాడు పదింటికి పైకి వస్తే, పదింటికి వచ్చినట్టు లెక్క! మూడు గంటల కూలీ గాల్లో కలిసిపోయినట్టే. పంచ్ కొట్టిన క్షణాన్ని ఫోన్‌లోనే దాచుకుని తర్వాత పంపేవి మాత్రమే మా జాబితాలో మిగిలాయి. ఫోన్ గడియారం వెనక్కి తిప్పి కొడితే పట్టుకుంటాయా అన్నది కూడా పరీక్షించాం.

నన్ను ఎక్కువ కంగారు పెట్టింది స్లాబ్ పోసే రాత్రి లెక్క. కాంక్రీట్ మొదలుపెట్టాక మధ్యలో ఆపితే కోల్డ్ జాయింట్ (ముందు పోసినదీ తర్వాత పోసినదీ సరిగా కలవని బలహీనమైన అతుకు) వస్తుంది కాబట్టి, సాయంత్రం నాలుగింటికి దిగిన మనుషులు తెల్లవారుజాము రెండింటి దాకా ఉంటారు. మొత్తం పది గంటలు, అందులో రెండు ఓటీ. కొన్ని సాఫ్ట్‌వేర్లు అర్ధరాత్రి దగ్గర తారీఖు మారగానే దాన్ని రెండు ముక్కలు చేస్తాయి. మొదటి రోజు ఎనిమిది, రెండో రోజు రెండు. ఏ రోజూ ఎనిమిది దాటలేదు కాబట్టి ఓటీ సున్నా. అమ్మేవాళ్లను ఎవరైనా మొదట అడగాల్సిన ప్రశ్న ఇదే అంటాను. విరామం తీసుకున్నా తీసుకోకపోయినా అరగంట దానంతటదే కోసేసే సెట్టింగ్‌ను కూడా ఆపించాను. స్లాబ్ రోజు ఎవరు కూర్చుంటారు విరామానికి?

పంచ్ కొట్టినవాడు సైట్‌లోనే ఉన్నాడా అని చూసే జీపీఎస్ సంగతి కొంచెం చెప్పాలి. ఆరుబయట ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చూపిస్తుంది. ఎత్తైన గోడల మధ్య సిగ్నల్ తగిలి తిరిగి వస్తుంది కాబట్టి తేడా బాగా పెరుగుతుంది. అందుకే సైట్ చుట్టూ హద్దును విశాలంగా గీశాం. హద్దు బయట పడిన పంచ్‌ను యాప్ కొట్టేయదు, సూపర్‌వైజర్ చూడాలని గుర్తు పెడుతుంది. చిన్న పనులకు వెళ్లే జట్లు సొంత ఫోన్లు వాడతాయి. పంచ్ కొట్టిన క్షణంలో తప్ప మరెప్పుడూ లొకేషన్ తీసుకోబోమని వాళ్లకు కాగితం మీద రాసిచ్చాం. ఆ కాగితం లేకపోతే ఒక్కరూ ఒప్పుకునేవారు కాదు, వాళ్ల అనుమానం న్యాయమైనదే.

ముందు ఒక్క సైట్‌లోనే మొదలుపెట్టి, ఒక జీతం పూర్తయ్యేదాకా పుస్తకం, యాప్ రెండూ నడిపాం. అప్పుడే ఇంకో సంగతి బయటపడింది. జీతాల ఫైలు ఎక్సెల్‌లో తెరవగానే 0147 నంబర్ కార్మికుడు 147 అయిపోతున్నాడు, ముందున్న సున్నా ఎగిరిపోయి. జీతాల సాఫ్ట్‌వేర్‌కు 147 అంటే ఎవరో తెలియదు. నంబర్లన్నీ అక్షరంతో మొదలయ్యేలా మార్చాక సరిపోయింది. ఏ పనికి ఎన్ని గంటలో తెలియడానికి యాప్‌లో నొక్కే పనుల కోడ్‌లు కూడా చేతివేళ్ల మీద లెక్కపెట్టేన్ని మాత్రమే ఉంచాం. హెల్మెట్ పెట్టుకుని ఎండలో నిలబడ్డ మేస్త్రీ పొడవాటి లిస్టులో వెతకడు, మొదట కనబడిందే నొక్కేస్తాడు.

మేస్త్రీలను ఒప్పించడం అన్నిటికన్నా కష్టమైంది. పెద్ద మేస్త్రీ ఒకాయన సూటిగానే అడిగారు: "ఇన్నేళ్లూ నా మాట మీద కూలీ ఇచ్చారు మేడమ్, ఇప్పుడు నా మాట కన్నా ఈ పలక ఎక్కువైందా?" ఆయన బాధ నాకు అర్థమైంది. "లెక్క మీ చేతుల్లోంచి పోదు మేస్త్రీ గారూ, రోజూ సాయంత్రం చూసి ఓకే చేయాల్సింది మీరే" అని, ఆయన సంతకం లేకుండా ఏ గంటా జీతంలోకి రాకుండా ఏర్పాటు చేశాం. ఆ వారంలోనే ఒక రాడ్ బెండర్ తెర మీద తన గంటలు చూసుకుని, ఒక గంట తగ్గిందని ఆ సాయంత్రమే ఆయన దగ్గరికి వెళ్లాడు. ఆయన సరిచేశారు. పాత అంకె, కొత్త అంకె, ఎవరు మార్చారు, ఎన్నింటికి మార్చారు, అన్నీ అక్కడే నిలిచాయి. మర్నాటి నుంచి పని దిగేటప్పుడు జనం ట్యాబ్లెట్ దగ్గర ఆగి తమ లెక్క చూసుకోవడం మొదలుపెట్టారు.

ఓటీ గంటల రికార్డు ఉంచాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1919లో చేసిన మొట్టమొదటి ఒప్పందంలోనే ఉంది. నిష్పాక్షికమైన, నమ్మదగిన, అందుబాటులో ఉండే పద్ధతిలో రోజువారీ పని గంటలు కొలవాలని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2019 మే 14న తీర్పు ఇచ్చింది. నేను యాప్‌ను ఎంచుకున్నది కూడా చివరికి ఆ 'అందుబాటులో ఉండే' అన్న మాటను బట్టే. తన గంటలు తాను చూసుకునే తెర కార్మికుడికి లేని యాప్‌లను, మిగతావన్నీ బాగున్నా, పక్కన పెట్టేశాను.

సబ్ కాంట్రాక్టర్ల మనుషుల లెక్క ఇంకా పుస్తకంలోనే నడుస్తోంది. వాళ్ల ఫొటోలు, వివరాలు ఎవరి దగ్గర ఉండాలి, సైట్ వదిలి వెళ్లాక ఎప్పుడు చెరిపేయాలి అన్నది ముందు ఒప్పందంలో రాసుకోవాలి. ప్రస్తుతం ఆ కాగితం మీదే పనిచేస్తున్నాను.